హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు

తెలుగు నేల మీద పుట్టిన ఫుట్‌బాల్ జట్లలో హైదరాబాద్ సిటీ పోలీస్ సాధించినన్ని విజయాలు మరే జట్టూ సాధించలేదు. 1930ల చివర నిజాం రాజ్యంలో మొదలైన ఈ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును తొమ్మిదిసార్లు, ఢిల్లీ డ్యూరాండ్ కప్పును నాలుగుసార్లు గెలుచుకుంది. రోవర్స్ విజయాల్లో అయిదు వరసగా, 1950 నుంచి 1954 దాకా వచ్చాయి. 1956 తర్వాత ఇది ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టుగా మారింది. 1960ల నడుమ నుంచి మెల్లగా వెనకబడి, దేశ ఫుట్‌బాల్ పెద్దల వరసలోంచి తప్పుకుంది. భారత జట్టు రెండు ఆసియా క్రీడల స్వర్ణాలకూ, మెల్బోర్న్ ఒలింపిక్స్ నాలుగో స్థానానికీ వెనక నిలిచిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఈ జట్టు మనిషే.

ఇంత పెద్ద జట్టు ఎలా ఎదిగిందో, అంత త్వరగా ఎలా కనుమరుగైందో అడిగితే రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకచోటే దొరుకుతుంది. ఈ జట్టు పోలీసు శాఖ ఇచ్చే కొలువు మీద, ఒక బడిపంతులు నేర్పిన ఆట మీద నిలబడింది. సభ్యులు, చందాలు, సొంత మైదానం ఉన్న సంఘం దానికి ఎన్నడూ లేదు. ఆ రెండు ఆధారాలు గట్టిగా ఉన్నంతకాలం కలకత్తా పెద్ద జట్లు కూడా దాని ముందు తలవంచాయి.

పూర్వరంగం

సికింద్రాబాద్, తిరుమలగిరి దండు ప్రాంతాల్లో మకాం వేసిన బ్రిటిష్ పటాలాలు హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ తెచ్చాయి. సోల్జర్లు ఆడుతుంటే చూసిన కుర్రాళ్లు పాతబస్తీ ఖాళీ జాగాల్లో ఉత్త కాళ్లతో ఆడడం మొదలుపెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక చదువుకున్న యువకుల జట్లు తయారయ్యాయి. నగరంలో ఒక్కో మొహల్లాకు ఒక్కో జట్టు ఉండేది. అందులో ఖమర్ క్లబ్ ఒకటి. రహీం ఆటగాడిగా పేరు తెచ్చుకున్నది అక్కడే.

రెండో ప్రపంచ యుద్ధ కాలానికి పోలీసు జట్టు హైదరాబాద్ దాటి బయట ఆడడం మొదలుపెట్టింది. బెంగళూరు ఆష్ గోల్డ్ కప్పులో బ్రిటిష్ వైమానిక దళం జట్టును ఓడించిన ముచ్చటను హైదరాబాద్ పాత ఫుట్‌బాల్ మనుషులు చాలాకాలం చెప్పుకున్నారు. ఎదుటి జట్టులో ఇంగ్లండు క్రికెటర్, ఆర్సెనల్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ ఉన్నాడని కూడా చెప్పేవారు. అప్పటికి పోలీసు జట్టుకు ఇంకా దేశమంతటా పేరు రాలేదు.

పోలీసు శాఖకు జట్టు మీద ఆసక్తి కలగడానికి ఒక కారణం పరువు. మరో కారణం, ఉన్నతాధికారుల్లో కొందరికి ఆటంటే నిజమైన ప్రేమ ఉండడం. శివకుమార్ లాల్ వంటి పోలీసు అధికారి అండ ఈ జట్టుకు గట్టిగా ఉండేది. మైదానంలో బాగా ఆడే కుర్రాడు కంటపడితే అతనికి కానిస్టేబులు ఉద్యోగం దొరికేది. పేద ఇంటి పిల్లవాడికి నెలజీతం, యూనిఫాం, తర్వాత పింఛను అంటే బతుకు స్థిరపడినట్టే. అప్పట్లో ఫుట్‌బాల్ పేరుకు అమెచ్యూర్ ఆట. ఆటకు డబ్బులు ఇవ్వకూడదు, ఉద్యోగం ఇవ్వొచ్చు.

రహీం సాబ్

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివి, నగరంలో కాచిగూడ మిడిల్ స్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో టీచరుగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత ఆయనదే. రెండు పనులూ చివరిదాకా చేశారు.

ఆయన పద్ధతిని అర్థం చేసుకోవాలంటే అప్పటి భారత ఫుట్‌బాల్ ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. బంతిని కాలి దగ్గరే ఉంచుకుని ఇద్దరు ముగ్గురిని తప్పించుకుపోతే జనం ఈలలు వేసేవారు. కలకత్తాలో అలాంటి ఆటగాళ్లకు దేవుళ్లకున్నంత పేరు. రహీం ఆ మోజును తగ్గించాలని నిశ్చయించుకున్నారు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో హైదరాబాద్‌లో పోటీలు పెట్టారు. బంతి అందగానే తోటివాడికి ఇవ్వాలి, ఇచ్చి ఖాళీ చోటికి పరుగెత్తాలి. బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు కూడా నడిపారు. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితో నెల తిరిగేసరికి పాస్ వేయగలిగేవాడు. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే బదులు, ఆట నియమాన్నే మార్చి ఆటగాడికి అలవాటు చేయించడం బడిలో పిల్లలతో గడిపిన మనిషికి తట్టే ఉపాయం. ఆయన చేసిన పనులన్నిటిలో నాకు ఎక్కువ గొప్పగా కనిపించేది ఇదే.

దాంతో పోలీసు జట్టు ఆట తీరు మారింది. బంతి నేల మీద, చిన్న చిన్న పాసులతో, వేగంగా కదిలేది. ఎదుటివాళ్లు బంతి వెంట పరుగెత్తి అలిసిపోయేవారు. నూర్ మహమ్మద్ హాఫ్‌లైనులో, అజీజుద్దీన్ వెనక వరసలో, మొయిన్ పక్క వరసలో ఈ ఆటకు ముఖ్యులు. ముగ్గురూ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్లారు. నూర్, అజీజుద్దీన్ మెల్బోర్న్ కూడా వెళ్లారు.

1950 సీజను

1948 సెప్టెంబరులో 'పోలీసు చర్య' పేరుతో భారత సైన్యం దిగింది, హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. పాత కొలువులు పోయాయి, ఎన్నో కుటుంబాలు చెదిరిపోయాయి, నగరం మీద ఏదో దిగులు కమ్ముకుంది. జట్టులో అత్యధికులు పాతబస్తీ ముస్లిం యువకులు. అలాంటి రోజుల తర్వాత రెండేళ్లకే, 1950లో, ఈ కుర్రాళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచారు. అదే సీజనులో స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి జరిగిన డ్యూరాండ్ కప్పుకు ఢిల్లీ వెళ్లారు. ఫైనల్లో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌తో తొలి ఆట 1-1తో సమమైంది. రీప్లేలో సిటీ పోలీస్ 1-0తో గెలిచింది.

డ్యూరాండ్ 1888లో సిమ్లాలో పుట్టింది, రోవర్స్ 1891లో బొంబాయిలో. రెండూ తొలి ఏళ్లలో బ్రిటిష్ పటాలాల సొత్తు. తర్వాత ఆ వైభవం కలకత్తా జట్ల వైపు మళ్లింది. ఆ రెండు కప్పులూ ఒకే సీజనులో హైదరాబాద్ రావడం అప్పటికి ఎవరూ ఊహించని సంగతి. కలకత్తా పత్రికలు ఆ తర్వాత ఈ జట్టును గట్టి ప్రత్యర్థిగా పట్టించుకోక తప్పలేదు.

1951, 1952, 1953, 1954. నాలుగేళ్లూ రోవర్స్ హైదరాబాద్‌కే వచ్చింది. 1952 డ్యూరాండ్ ఫైనల్లో మరో కలకత్తా జట్టు ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడినా, 1954లో డ్యూరాండ్ కప్పును మళ్లీ తెచ్చుకున్నారు. 1955లో మోహన్ బగాన్ రోవర్స్ గెలిచి ఈ వరసను ఆపింది. 1957లో సిటీ పోలీస్ రోవర్స్, డ్యూరాండ్ రెండూ గెలిచింది, డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ను 2-1తో ఓడించింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ 1956-57, 1957-58 సీజన్లలో గెలుచుకుంది. రెండు ఫైనళ్లలోనూ ఎదుటివాళ్లు బొంబాయి వాళ్లే. రాష్ట్ర జట్టులో ఆడినవాళ్లలో చాలామంది పోలీసు జట్టువాళ్లే.

దేశ జట్టుతో

1951 ఢిల్లీ ఆసియా క్రీడలకు రహీం భారత జట్టు శిక్షకుడు. ఫైనల్లో మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌పై 1-0తో నెగ్గి భారత్ స్వర్ణం అందుకుంది. మరుసటి ఏడు హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోవడం పెద్ద దెబ్బ. చలిదేశంలో, తడిసిన మైదానంలో, మన వాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఆ తర్వాత దేశవాళీ పోటీల్లో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఆ ఓటమి నుంచి రహీం నేర్చుకున్నది బూట్ల సంగతి ఒక్కటే కాదు. 1953 నవంబరులో హంగరీ లండన్ వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ ముందుకు పోకుండా వెనక్కి తగ్గి ఆడడంతో ఇంగ్లండు రక్షకులకు ఎవరిని కాయాలో తోచలేదు. రహీం ఆ ఎత్తును అందిపుచ్చుకుని 1956లో మెల్బోర్న్‌లో ఆడించారు. ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. సెమీఫైనల్లో యుగోస్లావియాతో 4-1తో, కాంస్యం కోసం బల్గేరియాతో 3-0తో ఓడి నాలుగో స్థానం దక్కించుకున్నారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే.

1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేసుకున్న జట్టుకూ రహీమే శిక్షకుడు. ఆ పోటీల్లో హంగరీపైనా, పెరూపైనా గోల్స్ కొట్టిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా స్వర్ణం రెండోసారి తెచ్చుకున్నారు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. ఆ జట్టులో గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ హైదరాబాద్ నేల నుంచి వచ్చినవాళ్లే. అప్పటికే రహీం కాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. 2024లో ఆయన కథతో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చేదాకా ఆయన పేరు హైదరాబాద్ యువతలో చాలామందికి తెలియదంటే మన పాఠ్యపుస్తకాలనూ పత్రికలనూ తప్పుపట్టాల్సిందే.

పేరు మారిన తర్వాత

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది.  సిటీ పోలీస్ వరసగా రోవర్స్ గెలుస్తున్న ఆ ఏళ్లలో కర్నూలు జిల్లా తుగ్గలి, పత్తికొండ, ఎమ్మిగనూరు వైపు వాళ్లకు అది ఇంకా పక్క రాష్ట్రపు జట్టే. 1956 నవంబరు 1న ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి, రాజధాని హైదరాబాద్‌కు తరలింది. పోలీసు శాఖలు కలిసిపోయాయి. జట్టు కొంతకాలం పాత పేరుతోనే ఆడి, తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. పత్రికలు 'ఆంధ్ర పోలీస్' అని రాసేవి. అలా పత్రికల ద్వారా రాయలసీమ, కోస్తా జిల్లాలకు కూడా అది సొంత జట్టు అయింది. అయినా ఆటగాళ్లు మాత్రం జంట నగరాల నుంచే వచ్చారు. జిల్లాల్లో కుర్రాళ్లను వెతికి పట్టుకునే ఏర్పాటు ఎన్నడూ జరగలేదు. ఈ జట్టు చరిత్రలో పెద్ద లోటు ఇదేనని నేను నమ్ముతాను.

కొత్త పేరుతో కూడా గెలుపులు ఆగలేదు. 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్ వచ్చాయి. డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించారు. 1961 రోవర్స్‌ను సికింద్రాబాద్‌లోని సైనిక సంస్థ ఇ.ఎం.ఇ. సెంటర్ జట్టు గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి ఆంధ్ర పోలీస్ రోవర్స్ విజేతగా నిలిచింది, 1963లో ఒంటరిగా గెలిచింది. అంటే 1960 నుంచి నాలుగేళ్లు రోవర్స్ జంట నగరాలను వదల్లేదు. 1963 డ్యూరాండ్ ఫైనల్ చేరి మోహన్ బగాన్ చేతిలో ఓడారు. రోవర్స్‌లో జట్టుకు ఆఖరి విజయం 1963లోదే, రహీం పోయిన ఏడాది. ఆయన నేర్పిన ఆట ఆయన లేకుండా మరికొన్నాళ్లు నడిచింది. 1965-66 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో ఆంధ్రప్రదేశ్ బెంగాల్‌ను ఓడించింది. తెలుగు నేలకు ఆ ట్రోఫీ మళ్లీ రాలేదు.

కలకత్తా పిలుపు

తొలకరి జల్లు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం నేల మీద కళ్లు పెట్టి తిరిగినట్టు, కలకత్తా క్లబ్బుల మనుషులు సీజను ముందు హైదరాబాద్ మైదానాల్లో తిరిగేవారు. దొరికినవాణ్ణి రైలెక్కించేవారు. కలకత్తా ఇచ్చే డబ్బుతో పోలీసు జీతం పోటీ పడలేదు. అక్కడి గ్యాలరీలు, అక్కడి పేరు కూడా కుర్రాళ్లను లాగేవి.

సయ్యద్ నయీముద్దీన్ పోలీసు జట్టులో ఆడి 1966లో ఈస్ట్ బెంగాల్ వెళ్లారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకత్వం వహించారు, శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. 1949లో హైదరాబాద్‌లో పుట్టిన మహమ్మద్ హబీబ్ కలకత్తాలో 'బడే మియా' అయ్యారు. ఆయన తమ్ముడు అక్బర్ కూడా అక్కడే పేరు తెచ్చుకున్నారు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమం చేసుకున్న రోజు, ఒక గోల్ హబీబ్‌దే. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ తర్వాతి తరంలో అదే దారిన నడిచారు. హైదరాబాద్ ఆటగాళ్లకు కొదవ రాలేదు. వాళ్లు ఆడే చోటు మారింది.

మిగిలిన కారణాలు చిన్నవేమీ కావు. రహీం తర్వాత ఆ స్థాయి శిక్షకుడు జట్టుకు దొరకలేదు. క్రీడాకారులను చేర్చుకోవడం అధికారి ఇష్టాయిష్టాల మీద ఆధారపడింది, నియామక నిబంధనలు బిగిశాయి. నగరం పెరిగి, మొహల్లా మైదానాల మీద ఇళ్లు లేచాయి. ఫుట్‌బాల్ సంఘంలో తగాదాలు ఏళ్ల తరబడి సాగాయి. 1983 ప్రపంచ కప్పు విజయం తర్వాత క్రికెట్ మోజు మిగతాదంతా పక్కకు నెట్టింది. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మొదలయ్యేనాటికి ఆటగాళ్లకు ఒప్పందాలు, స్పాన్సర్లు కావలసి వచ్చింది. ప్రభుత్వ శాఖ జట్టు ఆ లెక్కలో ఇమడలేదు. పోలీసు ఆటగాళ్లకు అఖిల భారత పోలీసు పోటీలే ప్రధాన వేదికగా మిగిలాయి. రోవర్స్ కప్పు కూడా 2000-01 తర్వాత ఆగిపోయింది.

బెజియే ఉదాహరణ

ఇలాంటి ఎత్తుపల్లాలు హైదరాబాద్‌కే పరిమితం కాలేదు. ఫ్రాన్స్ దక్షిణాన ద్రాక్షతోటల నడుమ బెజియే అనే ఓ మోస్తరు పట్నం ఉంది. 1911లో పుట్టిన అక్కడి రగ్బీ క్లబ్ 1961లో తొలిసారి ఫ్రాన్స్ ఛాంపియన్ అయింది. రౌల్ బారియేర్ అనే శిక్షకుడి చేతిలో పడ్డాక 1971 నుంచి 1984 లోపు మరో పదిసార్లు ఛాంపియన్ అయి, విజేతలకిచ్చే బ్రెన్నుస్ షీల్డును మొత్తం పదకొండుసార్లు ఎత్తింది. ఒకే శిక్షకుడి పద్ధతి, ఒకే ఊరి కుర్రాళ్లు, పేరుకు అమెచ్యూర్ ఆట. ఈ మూడింటిలోనూ బెజియే, సిటీ పోలీస్ ఒకటే. ఆటగాళ్లకు చాటుగా డబ్బు ముట్టజెబుతున్నారన్న ఫిర్యాదు ఫ్రెంచ్ రగ్బీ మీద ఎంత పాతదంటే, ఆ కారణంతోనూ ఆటలో మొరటుతనం కారణంగానూ 1931లో బ్రిటిష్ దేశాలు ఫ్రాన్స్‌తో ఆడడం మానేశాయి.

1995లో రగ్బీ బహిరంగంగా వృత్తి ఆట అయింది. పెద్ద నగరాల డబ్బు ముందు బెజియే నిలవలేకపోయింది. 2005లో మొదటి శ్రేణి నుంచి జారింది, 2009లో ఇంకా కిందికి పోయింది. అయితే 2011లో రెండో శ్రేణికి తిరిగొచ్చింది. అక్కడ క్లబ్ పేరు ఊరి పేరు. దానికి సభ్యులున్నారు, స్టేడియం ఉంది, తాతలు మనవళ్లను వెంటబెట్టుకుని వస్తారు. ఓడినా జట్టు చావలేదు. సిటీ పోలీస్‌కు అలాంటి ఆసరా లేదు. పాతబస్తీ జనం దాన్ని ఎంత ప్రేమించినా, కాగితం మీద అది ఒక శాఖ విభాగం.

తర్వాతి కాలం

హైదరాబాద్‌లో ఫతే మైదాన్‌గా ఉన్న చోటు 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. 2008 ఆగస్టులో ఎ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్పు హైదరాబాద్‌లో జరుగుతుండగా వానలకు మైదానం పాడై ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. 2014లో రాష్ట్ర విభజనతో పోలీసు శాఖ రెండయింది, జట్టు వారసత్వం కూడా రెండు ముక్కలైంది.

2019లో పుణే క్లబ్ స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. తొలి సీజన్లో అట్టడుగున నిలిచిన ఆ జట్టు, స్పెయిన్ శిక్షకుడు మనోలో మార్కెజ్ చేతిలో 2022 మార్చి 20న గోవా ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపారు. రెండేళ్లు తిరగకుండానే జీతాల బకాయిలు, ఆటగాళ్ల కొనుగోళ్లపై నిషేధాలు వచ్చిపడ్డాయి. యజమానులు మారారు, 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. పోలీసు జట్టుకు శాఖ ఆసక్తి తగ్గడం వల్ల జరిగిన నష్టం ఈ జట్టుకు యజమాని డబ్బు అయిపోవడం వల్ల జరిగింది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలో జరిగింది, బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది. ఆతిథ్య తెలంగాణ జట్టు గ్రూపు దశ దాటలేదు.

రాయలసీమలో ఫుట్‌బాల్‌కు వేరే దారి ఏర్పడింది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అక్కడ క్రీడా గ్రామాన్ని కట్టింది. స్పెయిన్ లాలిగా సహకారంతో పల్లె పిల్లలకు, ఆడపిల్లలతో సహా, ఫుట్‌బాల్ నేర్పుతోంది. తుగ్గలి, గుంతకల్లు వైపు నుంచి చూస్తే హైదరాబాద్ కంటే ఆ మైదానమే దగ్గర. పోలీసు జట్టు వైభవ కాలంలో ఈ జిల్లాల కుర్రాడికి ఆడి నేర్చుకునే అలాంటి చోటు లేదు.